ఎవరూ చూడని గోలు

కొండెంగలపల్లి పాత స్టేడియం కింద బొగ్గు ఉందని తేలిన రోజే దానికి నూకలు చెల్లాయి. బొగ్గు కోసం ఊళ్లకు ఊళ్లే లేచిపోతున్న చోట ఒక ఫుట్‌బాల్ గ్రౌండు పోవడం పెద్ద వింతేమీ కాదు. గని యాజమాన్యం ఊరవతల కొత్త స్టేడియం కట్టించింది. పాతదాన్ని తవ్వడానికి యంత్రాలు వచ్చి బారులు తీరాయి. అంతవరకూ అన్నీ సవ్యంగానే జరిగాయి. సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది.

ఆ రోజుల్లో రాజధానిలో జ్ఞాపకాల మోజు బాగా ముదిరి ఉంది. ఏ పాత కట్టడాన్ని కూల్చాలన్నా ముందు దాని తాలూకు జ్ఞాపకాలను భద్రంగా తరలించాలని ఎవరో పెద్దమనిషి ఒక సభలో గద్గద స్వరంతో మాట్లాడాడట. ఆయన గొంతు సర్దుకునేలోగా ఒక శాఖ పుట్టింది. దానికి స్మృతుల తరలింపు శాఖ అని పేరు పెట్టారు. ఊరు ఖాళీ చేయించేటప్పుడు ఇళ్లకూ చెట్లకూ బర్రెలకూ లెక్క కట్టినట్టే జ్ఞాపకాలకూ లెక్క కట్టాలన్నది ఆ శాఖ సిద్ధాంతం. గడువులోగా తరలించని జ్ఞాపకాలు మట్టిలో కలిసిపోయినట్టు పరిగణించబడునని ఉత్తర్వు చివర స్పష్టంగా రాశారు. అంటే, ఆ తర్వాత వాటిని గుర్తు చేసుకోవడం చట్టరీత్యా చెల్లదు.

ఈ పని మీద ప్రత్యేకాధికారిగా వచ్చినవారు పరాంకుశం గారు. అంతకుముందు ఆయన తూనికలు, కొలతలు చూసేవారు. కదలకుండా ఒకచోట నిలబడితే లోకంలో కొలవలేనిది లేదని ఆయన నమ్మకం. మనుషులు కదులుతారు గనుక వాళ్లంటే కొంచెం అనుమానం. పాత స్టేడియంలో ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో ఆయన బల్ల వేయించుకుని, గోడకు ‘మీ జ్ఞాపకం, మా బాధ్యత’ అని గుడ్డ కట్టించి, గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకుని, ఊరి జనాన్ని పిలిపించారు.

ఆ జనంలో అందరికంటే ముందు నిలబడ్డవాడు కాంపెల్లి ఓదెలు.

ఓదెలు బొగ్గు కోసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు పొడే ఉన్నా గొంతు మాత్రం గని సైరనుతో పోటీ పడేది. పాత స్టేడియంలో పడమటి వైపు గని మట్టి పోసిన గట్టు ఒకటుంది. మెట్లూ కుర్చీలూ ఏమీ లేవు, ఉత్త మట్టి గట్టు. పెళ్లి కాకముందు నుంచీ ఓదెలు దాని మీద కూర్చునే ఆట చూశాడు. ఊళ్లో సర్పంచి ఎవరో అడిగితే కాస్త ఆలోచించేవాడు గానీ, గట్టు మీద ఎవరి చోటు ఎక్కడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. గట్టు మీది జనానికి తానే పెద్ద అని ఎవరూ అనకపోయినా అతను అనుకునేవాడు, వాళ్లూ కాదనేవారు కారు.

ఆ గట్టుకు ఒక ఆచారం ఉంది. తమ జట్టుకు పెనాల్టీ వచ్చిందంటే చాలు, గట్టు మీది జనమంతా లేచి, వెనక్కి తిరిగి, గ్రౌండుకు వీపు పెట్టి నిలబడతారు. చూస్తే గోలు పడదు. ఎప్పుడో తాతల కాలంలో పెనాల్టీ కొట్టబోతుండగా గట్టు వెనక రోడ్డు మీద శవం వెళ్తుంటే అందరూ అటు తిరిగి దండం పెట్టారట. ఆ క్షణంలో గోలు పడింది. పోయినాయన ఎవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు గానీ, అప్పటి నుంచీ ఒక్క పెనాల్టీ కూడా ఊరి వాళ్లెవరూ కళ్లారా చూడలేదు. మైదానంలో ఉన్న సొంత ఆటగాళ్లు కూడా, కొట్టేవాడు తప్ప, తిరిగి నిలబడేవారు. ఎదుటి జట్టుకు పెనాల్టీ వస్తే మాత్రం రెప్ప వేయకుండా గుడ్లప్పగించి చూసేవారు.

చూడకుండా గోలు పడిందని తెలిసేదెలా అంటే, దానికీ ఏర్పాటుంది. గోలు స్తంభాల వెనక కట్టిన వలలను మేకలు నమిలేస్తుంటే విసుగెత్తి, క్లబ్బు వాళ్లు వల బదులు గని స్టోర్సులో పడి ఉన్న ఇనుప రేకులు బిగించారు. బంతి లోపలికి వెళ్లి రేకును తాకితే దభేల్‌మని మోత వచ్చేది. ఆ మోత విన్నాకే గట్టు ఇటు తిరిగేది. మోత రాకపోతే కాసేపు అలాగే నిలబడి, మెల్లగా, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా తిరిగేవారు.

ఊరి క్లబ్బు తన బతుకులో ఒకే ఒక్కసారి జిల్లా కప్పు గెలిచింది. పవర్‌హౌస్ జట్టుతో ఫైనలు. చివరి నిమిషాల్లో పెనాల్టీ. కొట్టింది రామటెంకి బానయ్య. ఓదెలుతో కలిసి ఒకే షిఫ్టులో బొగ్గు టబ్బులు తోసినవాడు, ఎడమ కాలి వాటం. గట్టంతా తిరిగింది. దభేల్‌మంది. ఆ తర్వాత జరిగిన గోలలో ఓదెలు తువ్వాలు పోయింది, ఒక చెప్పు పోయింది, రెండూ మళ్లీ దొరకలేదు, వాటి గురించి అతను ఏనాడూ బాధపడలేదు.

మరుసటి వానాకాలంలో గని పైకప్పు కూలి బానయ్య కిందే పోయాడు. అతని భార్య రాజవ్వకు గని ఆసుపత్రిలో ఆయా పని ఇచ్చారు. అంతే, ఆ తర్వాత బానయ్య పేరు ఎక్కడా రాయలేదు, ఎవరూ రాయమనలేదు. ఆ పేరు నిలిచిందల్లా ఓదెలు నోట్లోనే. ఊళ్లో ఏ పెళ్లయినా భోజనాలయ్యాక అతను ఆ గోలు చెప్పాల్సిందే. బంతి ఎలా లేచిందో, ఎలా వంపు తిరిగిందో, కీపరు ఎలా గాల్లోకి ఎగిరి ఎటు పడ్డాడో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. అప్పుడు నీ వీపు అటుంది గదా అని ఎవరూ అడిగేవారు కారు. చెప్పేవాడికీ వినేవాళ్లకూ అందులో తప్పేమీ కనపడలేదు.

పరాంకుశం గారి తరలింపు మొదట్లో బాగానే సాగింది. ఒక వానలో ఆడిన ఆట గురించి ఇద్దరు బావామరదులు వచ్చారు. బంతిని తలతో కొట్టి గోలు వేశాడని ఒకడు, కాదు కాలితో అని ఇంకొకడు. ఒకే సంఘటనకు ఒకే జ్ఞాపకం ఉండాలన్నది నిబంధన. పరాంకుశం గారు ఇద్దరి మాటా ఓపిగ్గా విని, తలకూ కాలికీ మధ్యస్థంగా, సదరు గోలు నడుముతో వేయబడినదని రాయించారు. బావామరదులు రాజీపడి ఇళ్లకు వెళ్లారు. ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ కలిసి ఆ నడుమెవరిదా అని ఆలోచిస్తున్నారు.

సంతోషకరమైన జ్ఞాపకాలకు ఓడిపోయిన జట్టు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలన్నారు. దుఃఖకరమైన వాటికి అక్కర్లేదు, ఎందుకంటే వాటి మీద ఎవరికీ ఆశ ఉండదు. టీ అమ్మే మనిషి తన అల్లం టీ వాసన కూడా జ్ఞాపకమేనన్నాడు. వాసన నిలవదు కాబట్టి ఆవిరైపోయే స్మృతుల కింద వేరుగా చూడాలని, అందుకు రాజధానికి రాసి అడగాలని అధికారి చెప్పారు. జవాబు వచ్చేదాకా ఆ వాసనను గుర్తు చేసుకోవద్దని టీకొట్టు ముందు ఒక కాపలాదారును నిలబెట్టారు. టీ తాగుతూ ఎవరైనా కళ్లు మూసుకుంటే ఆ మనిషి దగ్గరికొచ్చి దగ్గేవాడు.

గట్టు ఆచారం సంగతి విని మాత్రం పరాంకుశం గారు ఉప్పొంగిపోయారు. ఇది చేతికి తగలని వారసత్వమని, ఇలాంటివి దొరకడం శాఖ అదృష్టమని అన్నారు. కానీ పరీక్షించకుండా ధ్రువపత్రం ఇవ్వడం ఆయన వల్ల కాదు. కాబట్టి ఒక ఉదయం శాఖ డ్రైవరు చేత పెనాల్టీలు కొట్టించారు. గుమస్తాను గోలుకు ఎదురుగా నిలబెట్టి కళ్లార్పకుండా చూడమన్నారు. ఆ డ్రైవరు పాదం అప్పటిదాకా యాక్సిలరేటరు మీద తప్ప దేని మీదా పనిచేసి ఎరగదు. ఒక బంతి చెట్టెక్కింది. ఒకటి జీపు కిందికి పోయింది. ఒకసారి బంతి అక్కడే ఉండి చెప్పు మాత్రం వెళ్లి గోల్లో పడింది. ఒక్క గోలూ కాలేదు. చూడకుండా కొడితే పడుతుందో లేదో కూడా తేల్చాల్సిందే గానీ, అప్పటికి భోజనాల వేళయింది.

‘పరిశీలకుని దృష్టి బంతిపై నిలిచినచో గోలు అసంభవమని శాస్త్రీయముగా రుజువైనది’ అని ముద్ర వేసి, ఆ ధ్రువపత్రాన్ని అద్దం కట్టించి గదిలో తగిలించారు. ఓదెలు దాన్ని రోజూ పోయి చూసుకునేవాడు. ఇన్నేళ్లకు ప్రభుత్వానికి బుద్ధి వచ్చిందని గట్టు జనానికి చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే అతనికి ఒక ఆలోచన తట్టింది. కొత్త స్టేడియానికి పెద్ద గేటు కట్టారు, దానికింకా పేరు పెట్టలేదు. గట్టు వాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి, గేటుకు బానయ్య పేరు పెట్టమని అడిగాడు. పరాంకుశం గారు కాదనలేదు. గొప్ప ఆలోచన అన్నారు. ఊరి క్లబ్బు చరిత్రలో ఏకైక కప్పు తెచ్చిన గోలు, తప్పకుండా పెట్టవచ్చన్నారు. ఆ గోలును శాఖ ముందుగా ధ్రువీకరించడమొక్కటే మిగిలిందని, అది లాంఛనమేనని సెలవిచ్చారు. లేనిపక్షంలో గేటుకు తమ శాఖ గౌరవ సంచాలకుల పేరు పెట్టాలని పైనుంచి సూచన ఉందని కూడా నెమ్మదిగా చెప్పారు.

విచారణ రోజు గది నిండిపోయింది. రాజవ్వ కూడా ఆసుపత్రి తెల్లచీరతోనే వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

“సదరు గోలును ప్రత్యక్షముగా వీక్షించిన వారెవరైనా ఇచ్చట కలరా?” అని పరాంకుశం గారు అడిగారు.

ఓదెలు మొండయ్య వైపు చూశాడు. మొండయ్య గట్టు మీద అతని పక్కన కూర్చునే మనిషి, ఆ పక్క చోటు విడిచి ఏ రోజూ ఎరగడు. మొండయ్య నేల వైపు చూశాడు.

“పెనాల్టీ కాడ సూసుడేంది సారు,” అన్నాడు ఓదెలు. “తప్పు గదా.”

అధికారి తల పంకించారు. తప్పేనని, ధ్రువపత్రం కూడా అదే చెబుతోందని, కానీ చూడనిదాన్ని తరలించడం ఎలాగని ప్రశ్నించారు. గట్టు వాళ్లు కప్పు తెచ్చి బల్ల మీద పెట్టారు. కప్పు ఉందనడానికి కప్పు సాక్ష్యమే గానీ, గోలు పడిందనడానికి కాదని అధికారి అన్నారు. వాళ్లు ఆనాటి పత్రికలో పడిన వార్త చూపించారు. రాసిన విలేకరి ఈ ఊరివాడేనని, ఆయనా గట్టు మీదే తిరిగి నిలబడ్డాడని తేలింది. రిఫరీ చూసే ఉండాలి, కానీ రిఫరీ పోయి చాలాకాలమైంది. మరణించిన వారి జ్ఞాపకాలు వారితోపాటే తరలివెళ్లినట్టు నిబంధన. పవర్‌హౌస్ అభిమానుల సంగతి అడిగితే, వాళ్లు వస్తున్న లారీ వాగు దగ్గర చెడిపోయి, వచ్చేసరికి ఆట అయిపోయిందట.

చివరికి పవర్‌హౌస్ జట్టులో బతికి మిగిలిన ఒకే ఒక్కడైన కీపరు అబ్రహామును పక్క ఊరి నుంచి జీపులో తీసుకొచ్చారు. ముసలాయన. ఇన్నేళ్లకు తన కోసం ఎవరో జీపు పంపారని బాగా ముచ్చటపడుతూ వచ్చాడు. గోలు పడిందా అని అడిగితే, పడకపోతే నేను ఇన్నేళ్లు మా వాళ్లతో తిట్లెందుకు తిన్నానన్నాడు. చూశారా అని అడిగితే నీళ్లు నమిలాడు. బానయ్య కాలు ఎత్తగానే తాను కుడి వైపుకు దూకానని, బంతి ఎడమ వైపుకు పోయి ఉంటుందని, తన మొహం మాత్రం బురదలో ఉందని ఒప్పుకున్నాడు. రేకు మోగడం విన్నానన్నాడు.

“శబ్దము గోలు కానేరదు,” అని పరాంకుశం గారు తేల్చేశారు. “రేకును మేక గుద్దినను మోగును.”

విచారణ మర్నాటికి వాయిదా పడింది. ఒక్క ప్రత్యక్ష సాక్షి దొరికితే చాలునని, లేకపోతే గోలు జరగనట్టేనని, జరగని గోలు గురించి పెళ్లిళ్లలో చెప్పడం మీద కూడా తగు చర్యలు ఉంటాయని ఆయన ప్రకటించారు. ఆ మాట అంటూ ఓదెలు వైపే చూశారు.

ఓదెలు ఇంటికి వెళ్తూ దారంతా అదే ఆలోచించాడు. చూశానని ఒక్క మాట అంటే పని అయిపోతుంది. కానీ ఆ మాట ఎవడు అంటాడు? చూశానంటే ఆ రోజు గట్టుకు ద్రోహం చేసినట్టు. అందరూ బానయ్య కోసం వీపు తిప్పి ఊపిరి బిగబట్టి నిలబడితే వీడొక్కడు మెడ తిప్పాడని, గోలు పోయి ఉంటే వీడి వల్లే పోయేదని లోకం అంటుంది. ఊళ్లో దొంగతనం చేసినవాణ్ని పెళ్లికి పిలుస్తారు, పెనాల్టీ చూసినవాణ్ని పిలవరు. మొండయ్య ఇంటికి వెళ్లి, నువ్వు చెప్తావా అని అడిగాడు. చెయ్యి నరుక్కోమంటే నరుక్కుంటా గానీ ఆ మాట మాత్రం అనలేనని మొండయ్య దండం పెట్టాడు. ఓదెలుకు కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే తానూ అదే అనేవాడు.

కానీ గేటు మీద ఎవరో సంచాలకుడి పేరు ఉండటం అతను ఊహించుకోలేకపోయాడు. బానయ్యను గనిలోంచి పైకి తెచ్చిన రోజున స్ట్రెచరు ఒక కొస పట్టుకున్నవాడు ఓదెలు. ఆ రోజు ఏమీ చేయలేకపోయాడు. ఇప్పుడు చేయడానికి ఒకటుంది, అది తన పేరు చెడగొట్టుకోవడం. చెడితే చెడనీ అనుకున్నాడు.

మర్నాడు నిండు గదిలో లేచి నిలబడి, “నేను సూసిన సారు,” అన్నాడు.

ఓదెలు ఎవరి వైపూ చూడకుండా, పెళ్లిళ్లలో చెప్పినట్టే మొత్తం చెప్పాడు. బంతి లేవడం, వంపు తిరగడం, కీపరు అటు పడటం. అన్నిసార్లు చెప్పిన కథే గనుక ఎక్కడా తడబడలేదు. చేతులు మాత్రం ఈసారి తిప్పలేదు. చెప్పడం అయిపోయేసరికి పక్కనున్న మొండయ్య లేచి అవతలి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు గట్టు జనమంతా అటే వెళ్లారు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది ఓదెలుకు.

పరాంకుశం గారు కలం మూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సాక్ష్యం పరిపూర్ణంగా ఉందని, ఇంత స్పష్టమైన ప్రత్యక్ష సాక్ష్యం తన ఉద్యోగ జీవితంలో వినలేదని మెచ్చుకున్నారు. ఆ పైన గోడకు తగిలించిన ధ్రువపత్రం వైపు వేలు చూపించారు.

“పరిశీలకుని దృష్టి బంతిపై నిలిచినచో గోలు అసంభవమని మా శాఖయే ధ్రువీకరించి యున్నది. తమరు చూచితిరి. కావున గోలు పడి యుండదు.”

ఓదెలు ఆ ధ్రువపత్రం వైపు తిరిగి చూశాడు. అయితే నేను చూడలేదు సారు, అబద్ధం చెప్పిన, రాసుకోండి అన్నాడు. అబద్ధపు సాక్ష్యం శిక్షార్హమైన నేరమని, అయినా పెద్దమనిషి కాబట్టి దయతలచి వదిలేస్తున్నానని అధికారి అన్నారు. సాక్ష్యం వెనక్కి తీసుకుంటే మాత్రం గోలును ఎవరూ చూడనట్టే అవుతుందని, అప్పుడు మళ్లీ మొదటికే వస్తుందని గుర్తు చేశారు. చూసినవారుంటే గోలు పడదు. చూసినవారు లేకుంటే పడినట్టు నిర్ధారణ కాదు. ఈ రెంటిలో తమకు ఏది అనుకూలమో ఎంచుకోవచ్చని, శాఖ ప్రజల అభిప్రాయానికి ఎంతో విలువ ఇస్తుందని చెప్పారు.

గోడ దగ్గర నిలబడ్డ గట్టు జనానికి ఓదెలు చెప్పిన రెండో మాట చెవికెక్కలేదు. మొదటిదే ఎక్కింది. చూశాడు అన్నదే ఊరంతా పాకింది. అది కప్పిపుచ్చడానికి తర్వాత అబద్ధమాడాడని నిర్ణయించేశారు. టీకొట్టు దగ్గర ఓదెలు వస్తే బల్ల మీద జాగా ఉండేది కాదు. మనవరాలికి పేరు పెట్టే రోజున బంధువులు తప్ప ఎవరూ రాలేదు. బీడీ ఉందా అని అడిగితే ఉన్నవాళ్లు కూడా లేదన్నారు.

రాజధానికి వెళ్లిన నివేదిక మీద పెద్దలు చాలా రోజులు తర్జనభర్జన పడ్డారు. బానయ్య పేరు పెడితే నిర్ధారణ కాని గోలును ప్రభుత్వం గౌరవించినట్టవుతుంది. పెట్టకపోతే ప్రజల మనోభావాలు దెబ్బతింటాయి. అర గోలుగా గుర్తిద్దామా అని ఒకరు సూచించారట. ఆఖరికి మధ్యేమార్గం దొరికింది. ప్రారంభోత్సవం రోజున గేటు మీది తెర తొలగించేసరికి నల్లరాతి మీద బంగారు రంగులో పెద్ద అక్షరాలు కనిపించాయి.

‘రామటెంకి బానయ్య ఆరోపిత గోలు ద్వారం.’

చప్పట్లు కొట్టడానికి తెచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. గట్టు జనం ఒకచోట గుంపుగా నిలబడి దాన్నే చూస్తున్నారు. ఓదెలు వాళ్లకు దూరంగా, ఎండలో ఒక్కడే ఉన్నాడు. రాజవ్వకు శాలువా కప్పడానికి వేదిక మీదికి పిలిచారు. శాలువా భుజాన ఉండగానే ఆమె వేదిక దిగి, గుంపును దాటుకుని, నేరుగా ఓదెలు దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. పేరు తర్వాత ఏం రాశారని అడిగింది. చదివి వినిపించాడు. ఆరోపిత అంటే ఏందని అడిగింది.

“ఎవడన్న దొంగతనం చేసిండంటే, ఇంక తేలకముందు పేపర్ల రాస్తరు సూడు వదినె. గదే.”

రాజవ్వ తల ఎత్తి ఆ అక్షరాల వైపు చూసింది. ఆ తర్వాత, “ఓదెలూ, నువ్వు నిజంగ సూసినవా?” అంది.

“సూడలే వదినె. ఎవ్వలం సూడలే. మేం సూడలే గనుకనే పడ్డది.” అతని గొంతు ఎప్పటిలా పెద్దదే, గుంపులోని వాళ్లందరికీ వినపడింది. “అన్న పేరు గేటెక్కుతదని, సూసిన్నని చెప్పిన.”

మొండయ్య తల తిప్పి చూశాడు.

“నేను గుడ ఇన్న,” అంది రాజవ్వ. “ఆ దినం ఇంట్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతాంది. రేకు సప్పుడు క్వార్టర్ల దాక వచ్చింది. ఆయన కాలే అని ఎరికైంది నాకు. ఇంకొకలు తంతె గంత సప్పుడు రాదు.” శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకుంది. “దొంగోని తీరుగ రాసిన గేట్లకెల్లి నేను పోను. లోపలికి ఇంకో తొవ్వ ఉన్నదా?”

ఉంది. స్టేడియానికి అవతలి పక్క, నీళ్ల ట్యాంకు వెనక, గడ్డి కోసే మిషను తీసుకెళ్లడానికి పెట్టిన చిన్న ఇనుప తలుపు. రాజవ్వ అటు నడిచింది. ఓదెలు ఆమె వెనక నడిచాడు. కొంత దూరం పోయాక పక్కన ఎవరో నడుస్తున్నట్టనిపించి చూస్తే మొండయ్య. జేబులోంచి బీడీ తీసి ఇచ్చాడు. వాళ్ల వెనక గట్టంతా వచ్చింది. పెద్ద గేటు దగ్గర పూలదండలు పట్టుకుని నిలబడ్డ పరాంకుశం గారి ముందు నుంచి ఒక్క మనిషి కూడా లోపలికి పోలేదు.

అది ఆ ఒక్క రోజుతో ఆగలేదు. ఆట ఉన్న ప్రతిసారీ జనమంతా ట్యాంకు వెనక నుంచే వెళ్లడం మొదలుపెట్టారు. పెద్ద గేటు దగ్గర టికెట్లు చూడ్డానికి పెట్టిన మనిషి కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు. ఈ పరిస్థితి మీద శాఖ విచారణ జరిపింది. ఆ గేటులోంచి ఎవరైనా వెళ్లగా చూసినవారున్నారా అని అడిగింది. ఎవరూ లేరు. ప్రత్యక్ష సాక్షులు లేనందున సదరు స్థలంలో ద్వారం ఉన్నట్టు నిర్ధారణ కాలేదని నివేదిక వచ్చింది. నిర్ధారణ కాని ద్వారం తెరిచి ఉంచడం నిబంధనలకు విరుద్ధం గనుక దానికి తాళం వేసి, ముందు గోడ కట్టేశారు.

ఆ గోడ సరిగా కట్టారో లేదో తనిఖీ చేయడానికి కొన్నాళ్లకు పరాంకుశం గారు మళ్లీ వచ్చారు. జీపు రిపేరులో ఉండటంతో రైల్లో వచ్చి, స్టేషన్లో దిగి ఆటో ఎక్కారు. స్టేడియానికి పోనిమ్మన్నారు. లోపలికి పోవాల్నా సారు, ఏ గేటు కాడ దించాలె అని ఆటో అతను అడిగాడు. పరాంకుశం గారు ట్యాంకు వెనక తలుపుకు శాఖాపరంగా సరైన మాట కోసం వెతికారు. ద్వితీయ ద్వారమన్నారు. ఆటో అతనికి తెలియలేదు. యంత్ర ప్రవేశ మార్గమన్నారు. అదీ తెలియలేదు. జల భాండాగార పార్శ్వ కవాటమన్నారు. అట్లాంటిది ఈ ఊళ్లో లేదు సారు, పక్క ఊరికేమో అని ఆటో అతను బండి తిప్పబోయాడు. ఎండ మండిపోతోంది.

పరాంకుశం గారు అటూ ఇటూ చూశారు. దగ్గర్లో ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు తగ్గించి, “బానయ్య గేటు,” అన్నారు.